గరిట ఉన్న వైపు

అక్క సంచి నేనే సర్దాను. ఆ ఇంట్లో ఎవరు ఊరికి వెళ్లినా సంచి సర్దడం నా పని. అడుగున బట్టలు, మడతల మధ్య మాత్రల డబ్బా, పక్కన మోకాళ్లకు రాసుకునే నూనె, పైన తువ్వాలు. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. సూదీ దారం పెట్టాను. దారిలో కరెంటు లేకపోతే ఎలా అని టార్చిలైటు పెట్టాను. టార్చిలైటులో బ్యాటరీలు అయిపోతే ఎలా అని ఇంకో జత పెట్టాను. అక్క మంచం అంచున కూర్చుని కాళ్లు ఊపుతూ చూస్తోంది.

"బస్సులో పోతున్నానా, అడవిలో నడిచి పోతున్నానా పిల్లా?" అంది.

అక్క అంటే నా తోటికోడలు, మా ఆయన అన్నగారి భార్య. బావగారు పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. నేను కొత్త కోడలిగా గుమ్మంలో అడుగుపెట్టిన రోజున నన్ను పిల్లా అని పిలిచింది. నాకు మనవరాలు పుట్టాక కూడా ఆ పిలుపు మారలేదు. ఒకే వంటింట్లో ఇద్దరం ఒక జీవితమంతా నిలబడ్డాం. నిలబడ్డాం అని మాటవరసకి అనడం లేదు. ఆ వంటింట్లో కూర్చోడానికి చోటు లేదు. కట్టించినప్పుడు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

సంచి లోపలి జేబులో చేతికి గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే గుడ్డపేలికలో చుట్టిన తాళంచెవి. అది అక్క పిన్నిగారి ఇంటిది. ఆవిడ పోతూ పోతూ రెండు గదుల ఇల్లు అక్క పేర రాసింది. బస్సు వెళ్లే దారిలోనే ఉంది ఆ ఊరు. అద్దెకున్న దర్జీ ఖాళీ చేశాక తాళం వేసే ఉంది.

"ఇదెందుకక్కా?"

"ఉండనీ. దారిలోనేగా. ఓసారి దిగి చూసి పోతాను" అంది, నా చేతిలోంచి తీసుకుని తనే మళ్లీ జేబులో పెట్టింది.

అన్నిటికన్నా పైన నేను పుస్తకం పెట్టాను. లావుపాటి నవల, గ్రంథాలయానిది. మేం సగం దాటాం. అక్క దాన్ని చూసి కాళ్లు ఊపడం ఆపింది.

"అది నాకెందుకే. ఎవరు చదివి పెడతారు?"

అక్కకు చదువు రాదు. నాకూ వచ్చిందని చెప్పలేను, మూడో తరగతిలో బడి మాన్పించారు. తర్వాత నేను నేర్చుకున్నదంతా వంటింటి అరల్లోనే. డబ్బాల కింద పరిచిన పాత పత్రికల కాగితాల మీద సగం కథ ఉండేది, మిగతా సగం మీద డబ్బా ఉండేది. డబ్బా జరిపి చదివేదాన్ని. సరుకులు కట్టిన పొట్లాలు విప్పి చదివేదాన్ని. మామగారు ఒకసారి చూసి, "మనింట్లో చీమలు కూడా చదువుకుంటున్నాయే" అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. మా కోడలు ఈ ఇంటికొచ్చాక నన్ను గ్రంథాలయంలో చేర్పించింది. అప్పటినుంచి అక్క కూరలు తరుగుతుంటే నేను పైకి చదివేదాన్ని. మగవాళ్ల చెప్పుల చప్పుడు వినగానే పుస్తకం డబ్బాల వెనక్కి పోయేది. అక్కకు ఒకటే పట్టుదల. తను లేనప్పుడు నేను ఒక్క పుట కూడా ముందుకెళ్లకూడదు. "నాకన్నా ముందు నీకు తెలిసిపోతే నీ మొహంలో కనబడిపోతుంది, నాకు సగం రుచి పోతుంది" అనేది. ఆ నవలలో ఒకావిడ ఇల్లు విడిచి రేవు దాకా వచ్చి, ఓడకు వేసిన చెక్కవంతెన మీద ఒక కాలు పెట్టి నిలబడింది. మేం అక్కడ ఆగాం. ఆవిడ అలా నిలబడి వారం అవుతోంది. ఎందుకంటే ఆ వారమంతా ఇంట్లో చుట్టాల ఫోన్లు, ప్రయాణం మాటలు.

నాకు ప్రయాణాలంటే భయం. నేను చేసే ప్రయాణాలు కాదు, నేనెప్పుడు చేశాను గనక. ఎవరైనా వెళ్తున్నారంటే భయం. మా అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆ సంచి నేనే సర్దాను. దువ్వెన మర్చిపోయానని వెనక నుంచి పరుగెత్తి ఇచ్చాను. ఆ దువ్వెన ఒక్కటే తిరిగొచ్చింది. మా చెల్లెలు పెళ్లయి వెళ్లేటప్పుడు రైలు కిటికీ కింద నిలబడి, "చేరగానే ఉత్తరం రాయి" అన్నాను. అది రాసింది. తర్వాత ఉత్తరాల మధ్య నెలలు పెరిగాయి, తర్వాత ఏళ్లు. అందుకే ఎవరు గుమ్మం దాటుతున్నా నేను సంచి బరువు పెంచుతూ ఉంటాను. బరువైతే దూరం పోలేరని పిచ్చి లెక్క.

ఈసారి వెళ్తే అక్క తిరిగి రాదని నాకు తెలుసు. "రెండు నెలలు" అన్నారు. మా ఆడపడుచు బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం దిగలేదు. వాళ్ల కోడలికి ఉద్యోగం. ఆడపడుచు ఏడుస్తూ అన్నకు ఫోను చేసింది. మా ఆయన అన్నం తింటూ మాట్లాడారు. అక్క ఆయనకు వడ్డిస్తోంది. "పెద్దవదినని పంపిస్తాంలే, నువ్వు దిగులు పడకు" అన్నారు. అక్క గరిట ఆయన కంచం మీదే ఉంది. ఆయన తలెత్తి చూడలేదు. పక్కింటి వాళ్లు నిచ్చెన అడిగితే కూడా ఆయన అదే గొంతుతో పంపిస్తాంలే అంటారు. నిచ్చెన అయితే తిరిగి తెచ్చుకుంటారు. మంచాన పడ్డ మనిషికి రెండు నెలల్లో నయం కాదు, నయమయ్యాక కూడా వండిపెట్టే మనిషిని ఎవరూ వదులుకోరు. అక్క వయసు డెబ్భై దాటింది. నేను అప్పుడు నోరు తెరవలేదు. చారు వేడి చేయడానికి లోపలికి వెళ్లాను.

*

ప్రయాణం ఆదివారం. ఆ ఆదివారమే హోటల్లో భోజనం కూడా. ఊళ్లోకెల్లా పెద్ద హోటలు, పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఎంత తింటే అంత. "మా ఆఫీసు వాళ్లు ఇచ్చార్రా కూపన్లు" అని మా అబ్బాయి ఫోన్లో ఎవరికో చెబుతుంటే కోడలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఆ కూపన్లు ఇచ్చింది కోడలి ఆఫీసు వాళ్లు. ఏదో పెద్ద లెక్కల పని సెలవుల్లేకుండా పూర్తిచేసినందుకు తనకిచ్చారు. తను ఇస్త్రీపెట్టె ఆపలేదు. కాలర్ మీద ఒకటికి రెండుసార్లు నొక్కింది, అంతే.

బస్టాండు హోటలుకు దగ్గరే. అందుకని సంచి కార్లో వేసుకునే వెళ్లాం. గాజు తలుపు దాటగానే చలి. లోపల ఒక అమ్మాయి సంచి తీసుకుని గూట్లో పెట్టి ఇత్తడి టోకెను ఇచ్చింది. మా అబ్బాయి దాన్ని నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గరుంచమ్మా, నేనైతే పారేస్తాను." పోకూడనివన్నీ నా దగ్గరే ఉంటాయి ఆ ఇంట్లో. నేను టోకెనును పిడికిట్లో పట్టుకున్నాను. అక్క సంచి వాళ్ల దగ్గర, అక్క నా పక్కన, మధ్యన ఆ ఇత్తడి బిళ్ల. దాన్ని నిజంగా పారేస్తే ఏమవుతుందా అని ఒక్క క్షణం అనిపించింది.

ఆ హాలు చెబితే నమ్మరు. తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా. ఒకచోట రొట్టెలే ఎన్ని రకాలో, గుండ్రటివి, పొడుగువి, పైన గింజలు చల్లినవి, జడలా అల్లినవి. ఒకచోట మంచు మీద చేపలు. ఒకచోట పళ్లు, పువ్వుల్లా కోసి పెట్టారు. కోసిన మనిషి ఎంత పొద్దున్నే లేచిందో అనుకున్నాను, తీరా చూస్తే అక్కడ కోస్తున్నది మీసాలున్న మగమనిషి. మూతపెట్టిన గిన్నెల కింద సన్నటి మంటలు, మూత తీస్తే ఆవిరి. చివర మిఠాయిల బల్ల మీద చాక్లెట్టు ఒక చిన్న జలపాతంలా కారుతూనే ఉంది, ఎవరూ ఆపడం లేదు. నాకు స్టవ్ కట్టేయాలనిపించింది.

కిటికీ పక్కన మాకో పెద్ద బల్ల చూపించారు. కూర్చున్నాం. అబ్బాయి, కోడలు, మనవరాలు లేచి వెళ్లారు. మా ఆయన లేవలేదు. ముందున్న ఖాళీ పళ్లెం అంచు మీద వేలితో కొట్టారు.

ఆ చప్పుడు గురించి చెప్పాలి. మా ఇంట్లో ఒకసారి కొడితే అన్నం, రెండుసార్లు కొడితే నీళ్లు. మామగారు కొట్టేవారు, బావగారు కొట్టేవారు, ఈయనా కొడతారు. నోటితో అడగడం ఆ ఇంట్లో మర్యాద కాదు. అత్తగారు నాకు మొదటి వారమే నేర్పింది. "చెవులు కంచం మీద పెట్టుకో" అంది. ఆ చప్పుడుకు నా కాళ్లు నాకన్నా ముందు లేస్తాయి. పక్కగదిలో ఉన్నా, జ్వరంతో పడుకున్నా లేస్తాయి. ఆ హోటల్లో అంత సంగీతం వినిపిస్తున్నా లేచాయి.

ఆయనకు రెండుసార్లు తెచ్చాను. అబ్బాయి ఫోనుతో బల్లలన్నీ ఫొటోలు తీసుకుంటూ, "అమ్మా, వస్తూ వస్తూ ఆ చేపముక్క ఒకటి" అన్నాడు. చేపముక్క తెచ్చాను. "నిమ్మకాయ బద్ద వేయలేదే" అన్నాడు. బద్ద కోసం వెళ్లాను. మనవరాలు తన పళ్లెం తనే నింపుకొచ్చుకుని, తాతను కాసేపు చూసి, "తాతయ్యా, కాళ్లు నొప్పా?" అని అడిగింది. ఆయన "లేదమ్మా, ఎందుకు?" అన్నారు నిజంగానే అర్థంకాక.

మూడోసారి వెళ్లినప్పుడు జరిగింది అది. ఆయనకు అన్నం కావాలి. అన్నం బల్ల దగ్గర వడ్డించే మనిషి లేడు, లోపలికి వెళ్లినట్టున్నాడు. నా ముందు ఒకావిడ చంకలో పిల్లతో, ఒంటిచేత్తో పెద్ద గరిట ఎత్తలేక అవస్థ పడుతోంది. "ఉండమ్మా" అని నేను బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపు వెళ్లి గరిట అందుకుని ఆవిడ పళ్లెంలో వడ్డించాను. ఆవిడ థాంక్స్ చెప్పి కదిలింది. వెనకున్నాయన పళ్లెం చాపాడు. చాపిన పళ్లెం నా ముందుకొస్తే నేనేం చేస్తాను. వడ్డించాను. ఆ వెనకాయన, "కొంచెం తగ్గించండి" అన్నాడు. తగ్గించాను. నా బట్టలు కూడా ఆ హోటలు వాళ్ల బట్టల రంగే, లేత గోధుమరంగు. వరసగా వస్తున్నారు. ఎవరి మొహం చూసినా ఎంత తింటారో నాకు తెలిసిపోతోంది, ఆ లెక్క నాకు ఎప్పుడూ తప్పదు. ఒక పెద్దమనిషి, "ఆ రెండో గిన్నెలో ఉన్నదేమిటండీ?" అన్నాడు. మూత తీసి చూసి చెప్పాను. నాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. అదే నాకిప్పటికీ ఆశ్చర్యం. ఆ హాల్లోకి వచ్చాక గుండె కుదుటపడింది మొదటిసారి అక్కడే, ఆ గరిట పట్టుకున్నాక.

తర్వాతి పళ్లెం పట్టుకున్న చెయ్యి నాకు తెలిసిన చెయ్యి. బొటనవేలి మీద కత్తి గాటు, ముంజేతి మీద నూనె చిందిన మచ్చలు. తలెత్తాను. వరసలో అక్క నిలబడి ఉంది.

"వడ్డించు" అంది.

"అక్కా, నేను..."

"వడ్డించమ్మా, వెనక జనం ఉన్నారు."

వడ్డించాను. అన్నేళ్లలో అక్కకు నేను వడ్డించలేదని అప్పుడు తట్టింది. నాకు అక్కా వడ్డించలేదు. మేం ఎప్పుడూ మిగిలినవాటి గిన్నెలు ముందేసుకుని, నీకు చాలా అంటే నీకు చాలా అనుకుంటూ గోకి తినేవాళ్లం. గుడ్ల పులుసు చేస్తే గుడ్లు మగవాళ్లకి, మాకు అడుగున మిగిలిన పులుసు. వేడి తగ్గేది, పులుసు చిక్కబడేది. అదే రుచి అనుకునేవాళ్లం.

"అయిందా? ఇప్పుడు గరిట అక్కడ పెట్టి, ఇటు రా. ఇంకో పళ్లెం తీసుకో."

"ఆయనకి అన్నం..."

"ఆయనకి కాళ్లున్నాయి. చిన్నపిల్ల కూడా కనిపెట్టింది."

వడ్డించే కుర్రాడు తిరిగొచ్చి నన్ను చూసి తెల్లబోయాడు. నేను గరిట అతనికి అప్పగించి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాను. నాలుగడుగులు ఉండవు. ఇంకో పళ్లెం తీసుకున్నాను.

*

అక్క మా పెద్ద బల్ల వైపు వెళ్లలేదు. స్తంభం పక్కన ఇద్దరికి సరిపోయే చిన్న బల్ల ఉంటే అక్కడ కూర్చుంది. నన్నూ కూర్చోబెట్టింది. నేను మా వాళ్ల వైపు వీపు పెట్టి కూర్చున్నాను. తను కావాలనే ఆ కుర్చీ నాకిచ్చింది.

తిన్నాం. అదొక్కటి మాత్రం నేను తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే తిండి గురించి ఆడవాళ్లు వండడమే చెబుతారు, తినడం చెప్పరు. రొట్టె వేడిగా ఉంది. విరిస్తే ఆవిరి వచ్చింది, వెన్న రాస్తే అందులోకి దిగిపోయింది. నాకు పళ్లల్లో నొప్పి, అయినా పైపొర కరకరలాడుతుంటే నమిలాను. గుడ్లు వేసే కుర్రాడు అక్కను, "ఎలా వేయమంటారమ్మా?" అని అడిగితే, "నువ్వు ఇంట్లో ఎలా తింటావో అలా వెయ్యి" అందట. పచ్చసొన కదులుతున్న గుడ్డు తెచ్చుకుంది. చెంచాతో కాకుండా రొట్టెముక్కతో అద్దుకుని, కళ్లు మూసుకుని తింది. నేను చల్లటి పుచ్చకాయ తిన్నాను, పొగలు కక్కే పుట్టగొడుగుల సూపు తాగాను, ఆ వెంటనే మళ్లీ పుచ్చకాయ తిన్నాను. ఒక వరస లేదు, ఎవరూ చూడటం లేదు. అక్క జలపాతం దగ్గరికి వెళ్లి పండు ముక్కను పుల్లకు గుచ్చి చాక్లెట్టులో ముంచుకొచ్చింది. గడ్డం మీద కారింది. తుడుచుకోలేదు.

"బాగుందా?" అన్నాను.

"మాట్లాడకు, తింటున్నాను" అంది.

అనుకున్నంత తినలేకపోయాం. తొందరగానే కడుపు నిండిపోయింది. అక్క పళ్లెం పక్కకు జరిపి, పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు.

"ఇంతేనా పిల్లా మన ఆకలి? ఈ కాస్తకా ఇన్నాళ్లూ ఆ పొయ్యి దగ్గర నిలబడ్డాం?"

"మనకోసం నిలబడలేదుగా."

"అదే అంటున్నా. నీకూ నాకూ అయితే ఒక చిన్న గిన్నె చాలు." తర్వాత నవ్వు ఆపి, చేతులు తుడుచుకుంది. "నేను మన ఆడపడుచు ఇంటికి వెళ్లడం లేదు. పిన్ని ఇంటి దగ్గర దిగిపోతాను. మీ బావ పింఛను నాకొక్కదానికి చాలు. నిన్న రాత్రే అనుకున్నాను, నీకు చెబితే రాత్రంతా నిద్రపోవని చెప్పలేదు."

తాళం వేసిన ఆ రెండు గదుల్లో అక్క ఒక్కతే పడిపోతే ఎవరు చూస్తారు, నీళ్లొస్తాయా, తలుపు గొళ్లెం గట్టిదేనా, ఇవన్నీ వరసగా నా తలలోకి వచ్చాయి. వాటి వెనకాల నెమ్మదిగా ఇంకొకటి వచ్చింది. రేపు పొద్దున ఆ వంటింట్లో నేనొక్కదాన్నే నిలబడతాను. పుస్తకం ఎవరికి చదవను?

అక్క లేచి పెద్ద బల్ల దగ్గరికి వెళ్లింది. వెనకే వెళ్లాను. మా ఆయన ముందు పళ్లెం ఖాళీగానే ఉంది.

"ఏమయ్యా, మీ చెల్లెలికి ఫోను చేసి చెప్పు. నేను రావడం లేదు. మా పిన్ని ఇంట్లో ఉంటాను" అంది అక్క.

ఆయన మా మొహాలు మార్చి మార్చి చూశారు. "అదేంటి వదినా, మాట ఇచ్చేశాంగా."

"ఇచ్చింది నువ్వు."

"మరి చెల్లాయికి వండిపెట్టేదెవరు?"

"నువ్వెళ్లు. రిటైరయ్యి ఖాళీగానే ఉన్నావుగా. తోడబుట్టినదాయె."

మనవరాలు కిసుక్కున నవ్వింది. మా అబ్బాయి ఫోను బల్ల మీద పెట్టాడు. "పెద్దమ్మా, ఆ ఇంట్లో ఒక్కదానివే ఎలా ఉంటావు? జనం ఏమనుకుంటారు, మేం వెళ్లగొట్టామనుకోరూ?"

"అడిగితే, పంపించబోయాం, మధ్యలో దిగిపోయింది అని చెప్పు. నిజమేగా."

ఆలోచిస్తున్నప్పుడు కూడా ఆయన వేలు ఊరుకోదు. పళ్లెం అంచు మీద కొట్టారు, ఒకసారి. నా కాళ్లు కదిలాయి. కదిలి, అక్క వైపు తిరిగాయి.

"అక్కని బస్సెక్కించి వస్తాను" అన్నాను. "అన్నం ఆ మూల బల్ల మీద ఉంది. గరిట బరువు, రెండు చేతులతో పట్టుకోండి."

కోడలు కారు తాళాలు తీసి, "నేను దింపుతాను పదండి" అంది.

*

టోకెను ఇచ్చి సంచి తీసుకున్నాను. కారు సిగ్నలు దగ్గర ఆగినప్పుడు కోడలు అంది, "పెద్దత్తయ్యా, మిమ్మల్ని ఆగమని నేను అనలేను. కానీ మీరిద్దరూ చూసుకుంటారనే ధైర్యంతోనే నేను ఆఫీసులో రాత్రిదాకా కూర్చోగలిగాను. రేపట్నుంచి ఎలాగో నాకు తెలీదు."

"నాకూ తెలీదమ్మా. ఇంట్లో ఇద్దరు మగాళ్లున్నారు. అందరూ కలిసి తెలుసుకోండి" అంది అక్క. కటువుగా అనలేదు. ముందు సీట్లో ఉన్న కోడలి భుజం మీద చెయ్యి వేసి అంది. కోడలు అద్దంలోంచి నన్ను చూసింది. తనేం చూసిందో నాకప్పుడు తెలియదు. బస్టాండు ముందు కారు ఆపనివ్వలేదు. మమ్మల్ని దింపి, "అత్తయ్యా, జాగ్రత్త" అని వెళ్లిపోయింది. బస్సెక్కేది అక్క అయితే, జాగ్రత్త నాకు చెప్పింది.

బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచి ఒళ్లో పెట్టి, దిగి కిటికీ కింద నిలబడ్డాను. కిటికీ కింద నిలబడడం నాకు బాగా తెలిసిన పని. ఎంత ఎత్తుకు తల ఎత్తాలో, ఎప్పుడు నవ్వాలో, బస్సు కదిలాక ఎంత దూరం పక్కన నడవాలో అన్నీ తెలుసు. నీళ్ల సీసా ఇచ్చాను. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో చెప్పాను. చెప్పిందే మళ్లీ చెప్పాను. అక్క వినడం లేదు. సంచి జిప్పు తీసి పుస్తకం బయటికి తీసింది. తలకిందులుగా పట్టుకుంది.

"పిల్లా, అది ఓడ ఎక్కుతుందా, వెనక్కి పోతుందా?"

"నాకూ తెలీదు. చదవలేదుగా."

"ఒట్టు?"

"ఒట్టు."

"నాకు ఎప్పటికీ తెలీదన్నమాట" అంది. ఎవరినీ నిందించినట్టు అనలేదు. సరుకుల్లో ఏదో లేదు అన్నట్టు అంది.

నేను బస్సెక్కాను. "ఒక్క ప్రకరణం చదివి దిగుతాను, బస్సు ఇంకా కదల్లేదుగా" అన్నాను. పక్కన కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఆగిన చోటు వెతికి మొదలుపెట్టాను. ఆవిడ చెక్కవంతెన మీద కాలు పెట్టి ఉంది. కింద నీళ్లు. వెనక ఎవరో పిలుస్తున్నారు. కండక్టరు వచ్చి, "ఎన్ని?" అన్నాడు. అక్క నా వైపు చూడకుండా, "రెండు" అంది. బస్సు కదిలింది. నేను నోరు తెరిస్తే ఆపేవాడే, ఇంకా బస్టాండు గేటు కూడా దాటలేదు. నేను తెరిచిన నోటితో తర్వాతి వాక్యం చదివాను.

ఊరు దాటుతుండగా నా ఫోను మోగింది. ఆయన.

"ఎంతసేపు? అందరూ ఐస్‌క్రీము తింటున్నారు. నాకెవరు తెస్తారు?"

"గాజు తలుపు పక్కన ఉంది, చిన్న గిన్నెలు పైన పేర్చి ఉంటాయి" అని చెప్పాను. కోపంతో చెప్పలేదు. ఆయనకు నిజంగా తెలియదు, నాకు తెలుసు, అందుకని చెప్పాను.

"నువ్వెప్పుడొస్తావు?"

ఎన్ని పుటలున్నాయో చూశాను. "ప్రకరణం పెద్దదండీ" అన్నాను. అవతల ఆయన ఏదో అడుగుతున్నారు. ఫోను సంచిలో పెట్టి జిప్పు వేశాను.

అక్క పిన్ని ఇంట్లో కరెంటు లేదు. టార్చిలైటు పనికొచ్చింది. రెండో జత బ్యాటరీలు కూడా పనికొచ్చాయి. పోపుగిన్నె అంత చిన్న గిన్నె ఒకటి అటక మీద దొరికితే కడిగి పొయ్యి మీద పెట్టాం. వంటింట్లో రెండు కుర్చీలు పట్టాయి.

అక్కను బస్సెక్కించి వస్తానని చెప్పి వెళ్లాను. ఎక్కించాను. నేను ఆ ఇంటికి తిరిగి రాలేదు. అది నా అరవై ఏడో ఏట, ఒక ఆదివారం మధ్యాహ్నం.